కుర్చీ కింది నీలం చుక్క

మామగారు ఆ కుర్చీలోంచి లేవలేదు.

పొద్దున టీ తాగి షెడ్డులోకి వెళ్ళిన మనిషి, మధ్యాహ్నం దాటినా అక్కడే ఉన్నారు. మడత పెట్టే ఇనప కుర్చీ అది. దాని అడుగు నుంచి పీకిన ధర చీటీ ఆయన బొటనవేలికి అంటుకుని ఉంది. దాన్ని దులుపుకోనూ లేదు, తీసి పారేయనూ లేదు.

కోడలు భోజనం పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. షెడ్డు నిండా సంతలో అమ్మడానికి వీధివాళ్ళు ఉచితంగా తెచ్చి ఇచ్చిన సామాను. పాత సూట్‌కేసులు, దీపాలు, పిల్లల సైకిళ్ళు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన బకెట్లు. ఒకప్పుడు ఈ షెడ్డులోనే మామగారు దుకాణాలకి బోర్డులు రాసేవారు. వీధిలో ఆయన్ని ఇప్పటికీ బోర్డుల తాతగారనే అంటారు. బ్రష్షు విదిలించిన మరకలు గోడ మీద ఇంకా అలాగే ఉన్నాయి.

ఆ గోడ వారగా ఆయన కొన్ని వస్తువుల్ని వేరు చేసి పెట్టారు. ఒక పెద్ద గిన్నె, టేబుల్ ఫ్యాను, పొట్టి నిచ్చెన, చెక్క స్టూలు, ఇంకా ఏవేవో. అన్నీ బోర్లించి ఉన్నాయి. ప్రతిదాని అడుగునా కందిగింజంత నీలం చుక్క.

ఆ చుక్క ఈ ఇంటి గుర్తు. ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా, వాడకముందే మామగారు దాన్ని తిరగేసి మిగిలిన నీలం రంగుతో ఒక చుక్క పెట్టేవారు. అత్తగారికి గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్ళని లేదని పంపడం చేతకాదు. ఇల్లు దాటిన సామాను మళ్ళీ ఇల్లు చేరాలంటే దానికో ఆనవాలు ఉండాలని ఆయన పట్టుదల. పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడలికి ఆ ఇంట్లో మొదట నవ్వొచ్చిన సంగతి అదే. గరిటె కాడ మీద కూడా చుక్క ఉండేది.

"తినండి మామయ్యా," అంది.

ఆయన పళ్ళెం వైపు చూడలేదు. షెడ్డంతా చెయ్యి తిప్పి చూపించారు.

"వీటన్నిటికీ ధర ఎక్కడ అంటించావు అమ్మాయ్?"

కోడలి చూపు గోడ వారకి పోయింది.

"ఎదురుగా అంటించావు. మంచి పనే. కొనేవాడికి కనబడాలి కదా." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "వీటికి మాత్రం అడుగున. అదీ సరిగ్గా చుక్క మీద."

పళ్ళెం బరువెక్కినట్టయి ఆమె దాన్ని స్టూలు మీద పెట్టబోయింది. ఆ స్టూలుకీ చుక్క ఉందని గుర్తొచ్చి నేల మీద పెట్టింది.

"చూశాను మామయ్యా," అంది.

"చూసి మూసేశావు."

అవునని తల ఊపింది. ఆ తర్వాత చెప్పాల్సింది చాలా ఉంది, కొంతే చెప్పగలిగింది. మొదట గిన్నె వచ్చినప్పుడు ఆయనతో చెబుదామనే అనుకుంది. అంతలో నిచ్చెన వచ్చింది. తెచ్చినవాళ్ళు సంతోషంగా తెచ్చారు, తుడిచి మరీ తెచ్చారు. ఇది మా ఇంటిదని ఎలా అనడం? సంత అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత నెమ్మదిగా ఆయన చెవిన వేద్దామనుకుంది. సంత అయ్యాక వస్తువులే ఉండవన్న సంగతి అప్పుడు తోచలేదు. తోచినా తోచనట్టు ఊరుకుంది.

"మీ అత్త ఉన్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాను," అన్నారు మామగారు. "ఆ కుర్చీ ఏది, ఆ నిచ్చెన ఏది అని. వస్తుందిలెండి, అరువుకేగా తీసుకెళ్ళారు అనేది. వచ్చింది చూడు. ధర చీటీతో వచ్చింది."

ఆయన చీటీ అంటుకున్న బొటనవేలు ఆమెకి చూపించారు.

"ఎవరి సొమ్ము ఎవరు దానం చేస్తున్నట్టు? రేపు ఆ ఆఫీసాయన మన గేటు దగ్గర ఆగి సంతకి అభ్యంతరముందా అని అడుగుతాడుగా. ఉందంటాను. అభ్యంతరం ఉందంటాను."

అంతే. ఆ తర్వాత ఆయన ఇంక మాట్లాడలేదు. కోపమొస్తే అరిచే మనిషి కాదు. ఎక్కువ కోపమొస్తే మాట మానేసే మనిషి. అత్తగారితో ఒకసారి ఒక వానాకాలమంతా మాట్లాడలేదని చెప్పుకుంటారు. కారణం ఏమిటో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

*

ఒక పూట వీధి మూసి, రెండు వైపులా బల్లలు వేసి పాత సామాను అమ్ముకోవాలంటే సిటీ ఆఫీసు అనుమతి కావాలి. బండ్లు తిరిగే రోడ్డు మరి. ఆ రోడ్డు మీదికి గేటున్న ప్రతి ఇంటివాళ్ళూ సరేననాలి. ఒక్క గేటు కాదన్నా రోడ్డు మూయడానికి వీల్లేదు. సంతకాల కాగితం చెల్లదన్నారు. ఏదో వీధిలో ఒకాయనే కూర్చుని అందరి సంతకాలూ పెట్టేశాడట. అప్పట్నుంచి ఆఫీసు మనిషే వచ్చి, గేటు గేటుకీ ఆగి నోటితో అడిగి వెళ్తాడు.

కోడలు ఆ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. రోడ్డు విభాగం వాళ్ళు శుభ్రత విభాగానికి పొమ్మన్నారు. శుభ్రత విభాగం వాళ్ళు నిప్పు ప్రమాదాల వాళ్ళని అడగమన్నారు. బట్టలూ చెక్క సామానూ ఒకచోట పోగుపెడతారా అని వాళ్ళు అనుమానించారు. చివరికి ఒక గొడుగాయన దొరికాడు. ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగుంటుంది. రేపు పొద్దున వస్తానన్నాడు.

ఇదంతా అరువు గది కోసం. వీధి చివర చిన్న హాల్లో నడుస్తుంది. కాలు విరిగినవాళ్ళకి వాకర్లు, నడవలేనివాళ్ళకి చక్రాల కుర్చీలు, మంచాన పడ్డవాళ్ళకి తలవైపు పైకి లేచే మంచాలు, అవసరం తీరేదాకా ఉచితంగా ఇస్తారు. కోడలు అక్కడే పనిచేస్తుంది. వచ్చిన మంచాన్ని కడిగి, మరలకి నూనె వేసి, ఇంకొకరికి పంపుతుంది. అత్తగారు చివరి రోజుల్లో పడుకున్నది ఆ గది మంచం మీదే. ఇప్పుడు హాలు సొంతదారు ఖాళీ చేయమన్నాడు. ఇంకో చోటికి అడ్వాన్సు కట్టాలి. సంత జరిగితే కట్టగలరు. జరగకపోతే ఈ నెలాఖరుకి గది మూసేసి, బయట ఇళ్ళల్లో ఉన్న మంచాలన్నీ వెనక్కి తెప్పించి ఎక్కడికో పంపేయాలి. అందులో ఒకటి ఎదురింట్లోనే ఉంది. టైలరక్క వాళ్ళమ్మ తుంటి ఎముక విరిగి దాని మీదే పడుకుని ఉంది.

ఆ మంచాన్ని తనే వెళ్ళి తెచ్చుకోవాల్సి వస్తుందని కోడలు రోజూ ఒకసారైనా అనుకుంటోంది.

భర్త వచ్చేసరికి ఆమె వంటింట్లో ఊరికే నిలబడి ఉంది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఊళ్ళో ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోతుందని అత్తగారు నవ్వేవారు.

జరిగిందంతా చెప్పింది. అతను చేతులు కడుక్కుంటూ విన్నాడు. కడుక్కున్న చేతులే మళ్ళీ కడుక్కున్నాడు.

"నాన్నతో నేను మాట్లాడనా?" అన్నాడు.

"మాట్లాడండి."

"ఇప్పుడు కాదులే. ఇప్పుడు మాట్లాడితే ఇంకా బిగుసుకుంటారు."

"మరెప్పుడు? గొడుగాయన రేపు పొద్దున్నే వస్తాడు."

అతను తువ్వాలు వెతుక్కున్నాడు. అది భుజం మీదే ఉంది. "ఏమేం వేరు చేసి పెట్టారు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. "అంతేనా? ఇంకేమీ అడగలేదా? ఫలానాది కనబడలేదనిగానీ..."

"ఇవి చాలవా?"

"చాలు, చాలు," అన్నాడతను.

అప్పుడు ఫోను మోగింది. ఏదో ఆసుపత్రిలో నిజంగానే లిఫ్టు ఆగిపోయిందట. అతను సంచీ తగిలించుకుని, గుమ్మంలో ఆగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. "నువ్వు చెబితే వింటారు. నీ మాటంటే ఆయనకి గౌరవం," అన్నాడు.

నిన్నటిదాకా అని ఆమె మనసులో అనుకుంది.

*

సాయంత్రం మామగారు లేచారు. కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని గేటు తీశారు.

కోడలు మిద్దె మీద ఆరేసిన బట్టలు అలాగే వదిలేసి పరుగున దిగింది. ఎటు వెళ్తున్నారని అడగాల్సిన పని లేదు. ఆ కుర్చీ ఎవరు తెచ్చి ఇచ్చారో ఆయనకి తెలుసు. మధ్యాహ్నం ఆమే చెప్పింది, అబద్ధమాడలేక.

"మామయ్యా, రేపటిదాకా ఆగండి," అంది వెనకాలే నడుస్తూ. "ఆ ఆఫీసాయన వచ్చి వెళ్ళాక మీ ఇష్టం. ఇప్పుడు ఒకరింటికి వెళ్ళి దొంగతనం అంటగడితే వీధిలో ఒక్క గేటూ మనకి సరే అనదు."

ఆయన రోడ్డు దాటేశారు.

టైలరక్క ముందు గదిలోనే మిషను వేసుకుని కూర్చుంటుంది. ఆ పక్కనే కిటికీ కింద అరువు గది మంచం, దాని మీద వాళ్ళమ్మ. తలవైపు ఎత్తి ఉండటంతో ముసలామెకి వీధంతా కనబడుతుంది. వీధిలో ఎవరు ఎవరింటికి వెళ్ళారో సాయంత్రానికి లెక్క ఆమె దగ్గరుంటుంది.

"వచ్చావా బాబూ," అందామె మామగారిని చూసి. "కుర్చీ తెచ్చుకున్నావా? మంచి పని చేశావు. మా ఇంట్లో కూర్చోడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క కుర్చీ మా అమ్మాయి దానమిచ్చేసింది."

మామగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

టైలరక్క మిషను ఆపింది. కుర్చీని చూసింది, ఆయన మొహం చూసింది, ఆయన వెనక నిలబడ్డ కోడల్ని చూసింది. దారం పళ్ళతో తెంపి సూది దిండుకి గుచ్చింది.

"చెప్పండి బాబాయ్ గారూ," అంది.

ఆయన కుర్చీ తిరగేసి చుక్క చూపించారు. కోడలు ఆ గదిలో ఎటు చూడాలో తెలియక మంచం మర వైపు చూస్తూ నిలబడింది. నూనె వేయాల్సిన రోజు దాటిపోయినట్టుంది.

"దొంగిలించాననా?" అంది టైలరక్క.

"అరువుకి తెచ్చుకుని ఇవ్వలేదంటున్నాను."

"అరువు కాదు. పిన్ని ఇచ్చేసింది."

"ఇచ్చేస్తే నాకు అరువని ఎందుకు చెబుతుంది?"

ఆమె లేచి, వాళ్ళమ్మ దుప్పటి సర్దింది. సర్దాల్సినంత జరగలేదది.

తర్వాత చెప్పింది. తన భర్త పోయి, తను కొత్తగా మిషను పెట్టుకున్న రోజుల్లో కొలతలిచ్చేవాళ్ళు కూర్చోడానికి ఇంట్లో ఏమీ లేదు. పిన్ని ఒక మధ్యాహ్నం ఈ కుర్చీ మోసుకొచ్చింది. ఉంచుకో, తిరిగివ్వక్కర్లేదు అంది. తను కుర్చీ తిరగేసి చుక్క చూసి, ఇది గోకేస్తానంది. వద్దంది పిన్ని.

"ఎందుకని నేనూ అడిగాను బాబాయ్ గారూ. ఏమందో చెప్పమంటారా?"

మామగారు వద్దని అనలేదు.

"ఇచ్చేశానంటే ఆయన మాట్లాడ్డం మానేస్తారే. అరువిచ్చానంటే తిడతారు. తిట్టినా పర్వాలేదు, నాకు అలవాటే. ఆ చుక్క అలాగే ఉండనీ, ఎప్పుడైనా ఈ ఇంటికొస్తే చూసి ఇక్కడే ఉందిలే అనుకుంటారు. ఇలాగే అంది. నవ్వుతూనే అంది."

కిటికీలోంచి వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ముసలామె ఎవరా అని మెడ చాచి చూసింది.

మామగారు కుర్చీ వంక చూస్తూ ఉండిపోయారు. ఆయన పెదవుల దగ్గర ఏదో మాట వచ్చి ఆగినట్టు కోడలికి అనిపించింది. ఆయన వంగి, కుర్చీ మడత విప్పి, మంచం పక్కన సరిగ్గా పెట్టారు. అది కదులుతోందేమోనని ఒకసారి నొక్కి చూశారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

కోడలు ఆయన వెనకే వెళ్ళబోతుంటే టైలరక్క పిలిచింది. ఈసారి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు ఉదయం నుంచీ ఇంట్లోనే ఉన్నావుగా. ముందు నువ్వొచ్చి నన్ను ఒక మాట అడగొచ్చుగా?"

"అక్కా..."

"చుక్క మీద చీటీ అంటించావు, జిగురు ఇంకా అలాగే ఉంది. అంటే నువ్వూ దొంగనే అనుకున్నావు. కాకపోతే మంచిదానివి కాబట్టి దాచిపెట్టావు." ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చుంది. "రేపు ఆ గొడుగాయన నా గేటు దగ్గర ఆగితే ఏం చెబుతానో నాకే తెలీదు. మంచం కావాలంటే పట్టుకుపో. మా అమ్మ ఇదివరకు నేల మీద పడుకోలేదా ఏం?"

"నేను పడుకోను," అంది ముసలామె మంచం మీంచి.

*

తెల్లవారి కోడలు లేచేసరికి షెడ్డులో దీపం వెలుగుతోంది. టర్పెంటైను వాసన వంటింటిదాకా వచ్చింది. పలకరిద్దామని గుమ్మందాకా వెళ్ళింది. ఆయన వీపు ఇటు ఉంది. టీ గ్లాసు గుమ్మంలో పెట్టి వచ్చేసింది. కాసేపాగి చూస్తే గ్లాసు ఖాళీగా ఉంది, కడిగి బోర్లించి ఉంది. మాట మాత్రం లేదు.

గొడుగాయన చెప్పిన వేళకే వచ్చాడు. వీధి మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ప్రతి గేటు దగ్గరా ఆగి, గొడుగు నేలకి ఆనించి, ఒకే గొంతుతో ఒకే మాట అడిగాడు. ఈ వీధి ఒక పూట మూయడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా? లేదని ఒకరు, ఏ పూట అని ఒకరు, తమ కారు బయటికి ఎలా తీయాలని ఒకరు. కారు ముందురోజే పక్కవీధిలో పెట్టుకోవాలన్నాడు. ఆ ఇంటాయన కాసేపు గొణిగి లేదన్నాడు. కోడలు ఆఫీసాయన పక్కనే నడుస్తోంది. ప్రతి లేదుకీ ఆమె ఊపిరి కాస్త తేలికయింది. రెండు గేట్లు మిగిలాయని తెలుస్తూనే ఉంది.

టైలరక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. మెడలో కొలత టేపు వేలాడుతోంది.

గొడుగాయన అడిగాడు. ఆమె అతన్ని చూడలేదు, రోడ్డుకి అవతల ఉన్న గేటు వైపు చూసింది.

"ముందు ఎదురింట్లో అడగండి," అంది. "వాళ్ళకి లేకపోతే నాకూ లేదు."

"అలా కుదరదమ్మా. ఎవరిది వాళ్ళే చెప్పాలి."

"చెబుతాను. వాళ్ళు చెప్పాక."

గొడుగాయన విసుగ్గా కోడలి వైపు చూశాడు. ఆమె అప్పటికే రోడ్డు మధ్యలో ఉంది. సొంత గేటు అంత దూరంగా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

మామగారు బయటికి వచ్చి నిలబడ్డారు. చేతులకి నీలం రంగు మరకలు. అరుగు మీద ఆమె భర్త నిలబడి ఉన్నాడు, ఒక కాలికి బూటు వేసుకుని, ఒక కాలికి లేకుండా. చుట్టుపక్కల గేట్ల దగ్గర సమాధానం చెప్పేసిన వాళ్ళు ఇంకా లోపలికి వెళ్ళలేదు. నిన్న సాయంత్రం కుర్చీ రోడ్డు దాటిన సంగతి వాళ్ళకి తెలుసు. ముసలామె ఎంతమందికి చెప్పిందో ఏమో.

"ఈ వీధి ఒక పూట మూయడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా?"

మామగారు ఆలోచించారు. ఆయన మాట్లాడకుండా ఉండగలిగినంతసేపు ఈ వీధిలో ఎవరూ ఉండలేరు. గొడుగాయన గొడుగు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చాడు.

"ఇక్కడ అమ్మే సామాను ఎవరిదో మీరు అడుగుతారా?" అన్నారు చివరికి.

"నాకు రోడ్డుతోనే పనండీ. సామానుతో లేదు."

"మంచి పని," అన్నారు మామగారు. ఇంకా ఏదో అనబోయి ఆగారు. ఆయన చూపు ఎదురింటి కిటికీ మీద ఉంది. అక్కడ మంచం పక్కన కుర్చీ వీపు కనబడుతోంది.

"లేదు," అన్నారు నెమ్మదిగా.

"కాస్త గట్టిగా చెప్పండి. అందరికీ వినబడేలా చెప్పించమని రూలు."

"లేదయ్యా. నాకే అభ్యంతరమూ లేదు."

అవతలి గేటు నుంచి టైలరక్క, "నాకూ లేదు," అంది. లోపల్నుంచి వాళ్ళమ్మ, తనకీ లేదని, తననెవరూ అడగలేదని గొణిగింది. ఎవరో నవ్వారు. గొడుగాయన కాగితం ఆఫీసులో తీసుకోమని, సాయంత్రానికల్లా రోడ్డు ఊడ్చి అప్పజెప్పాలని చెప్పి వెళ్ళిపోయాడు.

మంచం ఇంక వెనక్కి తేనక్కర్లేదు. కోడలు ఆ మాట తనలో తనే అనుకుంది. సంతోషం వస్తుందని చూసింది. వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు. మామగారు ఆమె పక్కనించే లోపలికి వెళ్ళారు, ఆమె అక్కడ లేనట్టే.

*

షెడ్డులో నిన్నటి వస్తువులు గోడ వారగా అలాగే ఉన్నాయి. చుక్కలు మాత్రం లేవు. ఒక్కోదాని అడుగున తుడిచిన చోట కొంచెం తెల్లబారి ఉంది. మామగారు నిచ్చెనని ఒళ్ళో పెట్టుకుని ఆఖరి చుక్క రుద్దుతున్నారు.

కోడలు గుమ్మంలో నిలబడింది. నిన్న పళ్ళెం ఉంది చేతిలో, ఇవాళ అదీ లేదు. రోజులు ఇలా గడవడం ఊహించుకుంది. గ్లాసు గుమ్మంలో పెట్టడం, అది కడిగి బోర్లించి ఉండటం. ఒక వానాకాలమంతా ఇలా గడిపిన ఆవిడ ఆ తర్వాత జీవితమంతా అరువని ఎందుకు చెప్పుకుంటూ వచ్చిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"మామయ్యా," అంది. "తిట్టండి."

గుడ్డ ఆగింది.

"నేను చేసింది తప్పు. మీతో చెప్పాల్సింది. అక్కని అడగాల్సింది. మీరు ఏమన్నా పడతాను. కానీ ఏదో ఒకటి అనండి."

ఆయన గుడ్డని మడిచి సీసా మీద పెట్టారు. నిచ్చెనని తిప్పారు. ఆమె అంటించిన ధర చీటీ, నిన్న ఆయన చుక్క మీంచి పీకి మెట్టుకే పక్కగా అంటించినది, ఇంకా ఉంది. దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు, దూరంగా పెట్టి మళ్ళీ చదివారు.

"ఇదేం ధర?" అన్నారు.

ఆమెకి అర్థం కాలేదు.

"దీని మీద నిలబడి సగం ఊరి బోర్డులు రాశాను. ఇది గట్టి ఇనుము, తగరమనుకున్నావా? ఈ ధరకి ఇస్తే కొన్నవాడు మనకి బుద్ధిలేదనుకుంటాడు. ఫ్యానుకీ అంతే. గిన్నెకైతే మరీనూ. సామాను ఎలా అమ్మాలో తెలియనిదానివి సంత పెట్టానంటావేం?"

"తెలీదు మామయ్యా," అందామె. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో ఆమెకే తెలియలేదు.

"రాయడం కూడా రాదు. ఆ అంకెలు చూడు, కోడి గీకినట్టున్నాయి. అన్నీ చింపెయ్. నేను రాస్తాను. ఎదురుగా రాస్తాను, కనబడేట్టు." ఆయన నిచ్చెన మెట్టు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకున్నారు. "నేను కళ్ళు తిరిగి పడ్డాక మీ అత్త దీన్ని ఇచ్చేసింది. ఇంక ఎక్కకూడదని. అరువట. నేను రోజూ అడిగేవాణ్ణి."

కోడలు ఆయన పక్కన కింద కూర్చుని చీటీలు పీకడం మొదలుపెట్టింది. ఆయన బ్రష్షు తీసి ఎండిన కుచ్చుని వేళ్ళతో నలిపి చూసుకున్నారు. ఇద్దరూ పనిలో పడ్డారు. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆయన ఆమెని మళ్ళీ తిట్టారు, జిగురు సామానుకి అంటుకుపోయిందని.

"అన్నీ వచ్చేశాయి," అన్నారు కాసేపటికి. "నేను అడుగుతూ వచ్చినవన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటి తప్ప."

"ఏది మామయ్యా?"

"మీ అత్త రేడియో. వంటింట్లో గూట్లో ఉండేది చూడు. ఆవిడ మంచాన పడ్డాక కనబడలేదు. అడిగితే అది అరువు కాదండీ, అడగొద్దు అంది. అన్నిటికీ అరువని చెప్పిన మనిషి దానికి మాత్రం అలా ఎందుకందో నాకు ఇప్పటికీ తెలీదు. అదెవరింట్లో ఉందో నీకేమైనా తెలుసా అమ్మాయ్?"

తెలియదంది. నిజంగానే తెలియదు.

షెడ్డు బయట ఏదో కింద పడ్డ చప్పుడయింది. ఇద్దరూ తలెత్తి చూశారు. ఆమె భర్త గుమ్మంలో ఉన్నాడు. రెండో బూటు చేతిలోంచి జారిపోయింది. దాన్ని తీసుకోడానికి వంగి, వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట," అన్నాడు నేల వైపు చూస్తూ. "వెళ్ళొస్తాను."

ఫోను అరుగు మీద ఉంది. పొద్దుట్నుంచీ అది ఒక్కసారీ మోగలేదు.